వెండి రంగు పూసిన పలక

నేను వెళ్లొచ్చిన ఊరి పేరు ఇందులో ఎక్కడా రాయను. చర్ల దాటి లోపలికి, ఛత్తీస్‌గఢ్ వైపు, అడవిలో ఉందని మాత్రం చెప్తాను. పేరు బయటికి పొక్కిన ప్రతిసారీ ఆ ఊరివాళ్లకు ఏదో ఒక తంటా వచ్చిపడింది. నా రాత వల్ల ఇంకొకటి రావడం నాకిష్టం లేదు.

వెళ్లింది మే ఎండల్లో. రాములవారి దర్శనానికి కాదు, పాపికొండలు చూడ్డానికీ కాదు. ఒక ఫోను చెవిటిదైపోయిందంటే దాని సంగతేమిటో చూడ్డానికి. నేను ఖమ్మంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పాఠాలయ్యాక యాంటెన్నాలు తయారుచేస్తాను. యాంటెన్నా అనగానే డాబా మీద చేపముల్లులా నిలబడే కడ్డీలు గుర్తొస్తాయి కదా? నావి అవి కావు. పల్చటి అట్టలాంటి పలక, దాని మీద రాగి పొర, ఆ రాగిలో సన్నటి గాటు. బడిపిల్లల పలక కన్నా చిన్నది. ప్లాస్టిక్ మూత బిగించి గోడకు తగిలిస్తే సరిపోతుంది.

ఆ ఊరి ఆరోగ్య సబ్ సెంటర్‌లో వైరు లేని ల్యాండ్‌లైన్ ఫోను ఒకటుంది. దూరాన ఉన్న టవరు నుంచి సిగ్నలు అందుకుంటుంది. ఊరి పక్కన పోలీసు క్యాంపు వెలిశాక అది పనికిరాకుండా పోయింది. క్యాంపు వైర్‌లెస్ సెట్టు చెవి పక్కన మైకు పెట్టినట్టు హోరెత్తిస్తుంటే ఎక్కడో ఉన్న టవరు గొంతు ఏం వినిపిస్తుంది? ఆ హోరును ఆపే ఫిల్టరును వేరే డబ్బాలో పెట్టొచ్చు. కానీ ఇంకో డబ్బా అంటే ఇంకో వైరు, ఇంకో అతుకు, వానకు తుప్పు. అందుకని పలక మీది గాటునే ఫిల్టరుగా మలిచాను. క్యాంపు గొంతు గాటు దగ్గర ఆగిపోతుంది, టవరు గొంతు లోపలికొస్తుంది. చలికాలంలో మా ల్యాబు అసిస్టెంటు వెళ్లి బిగించి వచ్చాడు. బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నారు. నేను పొంగిపోయాను, నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

మే మొదట్లో ఆ సబ్ సెంటర్ నర్సు నాగమణి చర్ల దాకా వచ్చి నాకు ఫోన్ చేసింది. మధిర వైపు పిల్ల, మాట మెత్తగా ఉంటుంది.

"మేడం, ఫోను మళ్లీ మొదటికొచ్చిందండీ. బర్రుమనటమే తప్ప మాట రావట్లేదు. ఇక్కడ జోగమ్మ అని ఒకమ్మాయుందండీ, నెలలు నిండినయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇప్పుడు కాళ్లు వాచినయి, బీపీ చూస్తే నాకే భయమేస్తంది. ముందే భద్రాచలం పోయి ఉండమంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు. తునికాకు సీజనండీ, ఈ నెల పోతే వాళ్లకు ఏడాది పోయినట్టే. నొప్పులు మొదలుగాగానే ఫోన్ చేసి బండి తెప్పిస్తానని మాటిచ్చిన."

పలక విప్పి ఎవరి చేతనైనా పంపమన్నాను. "అది సంచిలో పెట్టుకొని చెక్‌పోస్టు దాటేదెవరండీ?" అంది. మర్నాడే బయల్దేరాను.

జూలూరుపాడు

బస్సు జూలూరుపాడులో ఉడికిపోయి ఆగింది. డ్రైవరు ఇంజను మూత తెరిచి నీళ్లు పోస్తుంటే అందరం దిగి వేపచెట్ల నీడకు చేరాం. ఒక ముసలమ్మ గంపలో తాటిముంజలు పెట్టుకుని కూర్చుంది. డజను పది రూపాయలు. మా తిరుమలాయపాలెంలో ఆరు రూపాయలకిస్తారని గీసిగీసి బేరమాడాను. "మీ ఊర్లనే తినకపోయినవా మరి" అని గంప మీద గోనె కప్పేసింది. పది పెట్టే కొన్నాను.

నా పక్క సీటాయన మొక్కు తీర్చుకోవడానికి భద్రాచలం పోతున్న మిర్చి రైతు. ముంజలు పెట్టడానికి కవరు కోసం సంచి వెతుకుతుంటే తోడుగా తెచ్చుకున్న రెండో పలక బయటపడింది, మూత లేనిది. ఆయన దాన్ని తీసుకుని ఎండకు పెట్టి చూశాడు. నా గాటు ఆకారం అడుగున మూసుకుని పైన తెరుచుకుని ఉంటుంది.

"నామం చెక్కిన రేకు! ఏడ దొరికిందమ్మా?" అని కళ్లకు అద్దుకున్నాడు.

నామం కాదు పెద్దాయనా, దీని పని ఇదీ అని నేను ఓపిగ్గా చెప్పుకొచ్చాను. ఆ గాటు పొడవు బియ్యపు గింజంత తేడా వచ్చినా ఆపాల్సిన గొంతును వదిలేసి ఇంకోదాన్ని ఆపుతుందని కూడా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. "అవ్, నామం కూడ గంతే. కొంచెం వంకర పోతే పనికి రాదు" అని జాగ్రత్తగా నా సంచిలో పెట్టాడు.

భద్రాచలం

వంతెన మీద నుంచి చూస్తే గోదావరి ఎండకు చిక్కి ఇసుక మధ్య నాలుగు పాయలుగా పాకుతోంది. లాడ్జి గదిలో ఫ్యాను తిరుగుతూ వేడి గాలి కొట్టింది. ఇడ్లీలు మాత్రం మెత్తగా బాగున్నాయి, కానీ ఖమ్మంలోలా కారప్పొడి అడిగితే విడ్డూరంగా చూశారు.

అక్కడి ఎస్‌టీడీ బూత్ నుంచి సబ్ సెంటర్‌కు రింగ్ చేశాను. ఎవరో ఎత్తారు. ఎత్తాక వినిపించింది ఒకటే హోరు, ఆ హోరులో తెగిపోయిన ముక్కల్లా ఎవరి అంకెలో, ఎవరి ఆదేశాలో. క్యాంపు సెట్టు! నా గాటును దాటి తీరిగ్గా నడిచొస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలలు పనిచేసింది ఇప్పుడెందుకు చెయ్యదు?

"ఆ నంబరా మేడం?" అన్నాడు బూత్ అతను. "గదాంట్ల మనుషుల మాట రాక శాన దినాలైంది."

చర్ల

చర్లలో తాలిపేరు చేపల పులుసుతో అన్నం తిన్నాను. చింతపండు మా ఇంట్లో కన్నా రెట్టింపు, చేప తాజా. ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఆ ఒక్క పూటే అనుకుంటాను.

ఊరి చివర చెక్‌పోస్టులో సంచి విప్పమన్నారు. చీరలు, మందులు, పళ్లపొడి అన్నీ చూసి పలక దగ్గర ఆగిపోయారు.

"ఏందిది?"

"యాంటెన్నా."

కానిస్టేబులు వెనక్కి తిరిగి స్టేషను మీది వైర్‌లెస్ కర్రకేసి చూపించాడు. "యాంటెన్నా అంటే గట్ల పొడుగు ఉండాలె గద?"

అతని యాస వినగానే మావైపు వాడని తెలిసింది. ఊరు అడిగితే మా పక్క ఊరే. ఇంక గట్టెక్కినట్టే అనుకున్నాను. ఖర్మ! పక్క ఊరివాడు కావడంతో మరీ భయపడి, నన్ను ఎస్సై దగ్గరికి తీసుకుపోయి అప్పగించాడు. ఎస్సై చిన్నవాడే, నిద్రలేని కళ్లు. కాలేజీ గుర్తింపు కార్డు చూశాడు, పలకను తిప్పి తిప్పి చూశాడు.

"ఇంత చిన్నగా ఎందుకు చేశారు మేడం? దాచడానికా?"

"చిన్నగా చేయడమే మా పనయ్యా! దానికే ఏళ్లు పడతాయి!" అని అరిచాను.

"ఇక్కడ పెద్దగా ఉన్నదాంతో మాకు గొడవ లేదండీ" అన్నాడు తాపీగా. ఎండ వాలేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరెవరికో ఫోన్లు చేసి, చివరికి వదిలిపెట్టారు. మా విద్యలో గొప్పగా చెప్పుకునేది అక్కడ అనుమానించదగ్గ విషయమని అప్పుడు తెలిసింది. తెలిసి చేసేదేముంది, ఆ రాత్రికి చర్లలోనే ఉండిపోయి, పొద్దున్నే తునికాకు గోనెలు తేవడానికి పోతున్న ట్రాక్టరెక్కాను.

పేరు రాయని ఊరు

ట్రాక్టరు ఆగిన చోటు నుంచి నడక. ఊళ్లోకి అడుగుపెడితే కల్లం నిండా బీడీ ఆకు కట్టలు వరసగా ఎండుతున్నాయి, ఆడా మగా అందరూ కట్టలు కడుతున్నారు. మా ఊళ్లో కొత్త మనిషి వస్తే ఎవరింటికి, ఏం పని, తిన్నావా అని పది ప్రశ్నలు. ఇక్కడ ఒక్కరూ తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే రేపు ఎవరైనా "చూశావా" అని అడుగుతారని వాళ్లకు తెలుసు.

నాగమణి ఎదురొచ్చింది. వెనకాలే సబ్ సెంటర్ అటెండరు కన్నయ్య. ఆ ఊరివాడే, కోయ మనిషి, నలభై దాటినవాడు. దోసిట్లో పట్టేంత సొరకాయ బుర్రలో జీలుగు కల్లు తెచ్చి తాగమన్నాడు. తాగనన్నాను. జొన్న జావ ఇచ్చాడు, తాగాను, చల్లగా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత గోడకేసి చూశాను. పలక కనిపించలేదు.

"ఏదీ?"

"అగో, కిటికి పక్కకు" అన్నాడు కన్నయ్య.

కిటికీ ఊచలు వెండి రంగులో మెరుస్తున్నాయి. పక్కనే ఇనప తలుపు రెక్క అదే రంగు. ఆ రెండింటి నడుమ, వాటిలో వాటిగా, నా పలక. దాని ప్లాస్టిక్ మూత మీద రెండు పూతలు మందంగా వెండి రంగు!

"ఎవడు పూశాడిది?" నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది.

"నేనే పూసిన మేడం. అన్నలొచ్చి గిదేంది, క్యాంపోళ్లదా అంటున్నరు. క్యాంపోళ్లొచ్చి గిదేంది, అన్నలదా అంటున్నరు. ఎవలకని చెప్పాలె? సెంటరుకు రంగులేసుడు పెట్టిండ్రు. కిటికికేసిన రంగే దీనికీ రెండు చేతులు పూసిన. కిటికిల కలిసిపోయింది. గప్పటి సంది ఒక్కడు అడుగుత లేడు."

ఆ రంగులో ఉండేది అల్యూమినియం పొడి. పలకకు దాంతో పూత పూస్తే మూతికి రేకు కట్టినట్టే. టవరు గొంతు సన్నబడింది, గాటు ఆపాల్సిన చోటు ఇంకెక్కడికో జరిగింది, క్యాంపు గొంతు లోపలికొచ్చి కూర్చుంది. ఇదంతా కన్నయ్యకు అరిచి అరిచి చెప్పాను. బుద్ధుందా అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు.

"తిట్టకండి మేడం" అంది నాగమణి. "బాగుందని నేనూ అన్న. ఫోను పాడైతే క్యాంపుకు కొత్త మిషనొచ్చిందేమో అనుకున్నం."

నేను తెచ్చిన రెండో పలకకు మూత లేదు, వానకు ఆగదు. అందుకే సీసా పగలగొట్టి, ఆ పెంకుతో ముగ్గురం వంతులవారీగా రంగు గీకాం. కన్నయ్య చెయ్యి తెగినా ఆపలేదు. జోగమ్మ అప్పుడే వచ్చింది, బీపీ చూపించుకోవడానికి. పిల్లకు ఇరవై ఉంటాయో లేదో. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. అరుగు మీద కూర్చుని మేం గీకుతుంటే చూస్తూ, ఒడిలో ఆకులు పెట్టుకుని కట్టలు కడుతూనే ఉంది. వాచిన వేళ్లకు నార ముడి పడటం లేదు. అత్త పక్కన కూర్చుని కోయ మాటల్లో ఏదో అడిగింది.

"ఇది బాగైతే బండొస్తదా అని అడుగుతుంది" అన్నాడు కన్నయ్య.

"వస్తుందని చెప్పు" అన్నాను నేను.

మూత బిగించి, పలకను టవరు దిక్కుకు సరిచేసి, ఫోనెత్తాను. అబ్బ! హోరు లేదు, గరగర లేదు. మా ల్యాబులో కూడా అంత శుభ్రమైన నిశ్శబ్దం వినలేదు. నాగమణి మధిరకు ఫోన్ చేసింది. "తిన్నావా?" అని వాళ్లమ్మ అడగడం పక్కన నిలబడ్డ నాకే వినిపించింది. నాగమణి ఏడ్చింది. నేను నవ్వాను, కన్నయ్య కూడా నవ్వాడు. జోగమ్మ నవ్విందో లేదో గమనించలేదు. అప్పటికి నా లోకం నాది.

బండి

మర్నాడు పొద్దున జోగమ్మను భర్త ఎర్రయ్య చేతుల మీద ఎత్తుకొచ్చాడు. తల పగిలిపోతోందని, కళ్లకు మసకలు కమ్ముతున్నాయని అంటోంది. నొప్పులు మొదలయ్యాయి. బీపీ చూసి నాగమణి ఫోను దగ్గరికి పరుగెత్తింది. అంబులెన్సు బండి ఉండే పై ఆరోగ్య కేంద్రానికి చేసింది.

ఫోను తీసినాయన గొంతు గదంతా వినిపించింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"అవ్ సిస్టర్, మంచిగ ఇనవడ్తుంది, చెప్పు... అట్లనా... కని రోడ్డు మీద కల్వర్టు కింద ఏదో పెట్టిండ్రని చెప్తున్నరు. క్లియర్ అని చెప్పెదాక బండి కదలొద్దని సారు ఆర్డర్. డ్రైవర్ గూడ రానంటుండు."

"సార్, ఫిట్స్ వస్తే చచ్చిపోద్ది సార్!"

"నాకు తెలుస్తుంది తల్లీ. మొత్తం ఇనవడ్డది. పంపలేం. మీరే ఎట్లనన్న మోసుకొని రాండ్రి."

నేను ఫోను లాక్కుని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ విన్నాడు పాపం. చివరికి "సారీ మేడం" అన్నాడు, అదీ శుభ్రంగా వినిపించింది. క్యాంపు దగ్గరికి పరుగెత్తాను. గేటు దగ్గరి మనిషి నా ముఖం చూసి కసురుకోలేదు. "అమ్మా, ఈ రోడ్డు మీద మేమే బండెక్కం. నడుసుకుంటనే పోతం" అన్నాడు. అది నిజమని ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

మంచానికి తాళ్లు కట్టి, వాసం దూర్చి, నలుగురు ఎత్తుకున్నారు. ముందు ఎర్రయ్య, వెనక కన్నయ్య. మంచం పక్కన నాగమణి, ఆ వెనక అత్త, నేను. ఎండ నెత్తి మీదికి రాకముందే దారిలో ఫిట్స్ వచ్చాయి. మంచం దింపి, ఉన్న ఇంజెక్షన్ చేసి, పళ్ల మధ్య నాలుక పడకుండా పక్కకు తిప్పి పట్టుకుంది నాగమణి. నేను కాళ్లు పట్టుకున్నాను. ఆ వాపు మీద నా వేళ్లు దిగబడి గుంటలు పడ్డాయి, తీసినా పూడలేదు. అంత భయం నేనెన్నడూ పడలేదు.

కల్వర్టు దగ్గరికొచ్చాక కన్నయ్య సైగ చేస్తే మంచాన్ని పక్కకు దింపి, ఎండిన వాగు రాళ్ల మీంచి దాటించారు. నేను రాయి మీద జారి పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. కల్వర్టు కింద మందుపాతరేమీ లేదని ఆ సాయంత్రం చెప్పారట.

మళ్లీ భద్రాచలం

చర్లలో ఒక ఆటో అతను కిరాయి మాట ఎత్తకుండా ఎక్కించుకున్నాడు. భద్రాచలంలో దవాఖానావాళ్లు చెయ్యాల్సిందంతా చేశారు, వాళ్లనేమీ అనను. జోగమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. మగబిడ్డ. అత్త తన కొంగులో చుట్టి ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరిగింది, ఎవరు అడిగినా ఇవ్వలేదు. ఎర్రయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు, వాసం మోసిన భుజం తోలు లేచిపోయి ఉంది.

నా బస్సు వేళయింది. పోవాలో వద్దో తెలియక నిలబడ్డాను. నాగమణి నా చెయ్యి పట్టుకుని, "ఫోను మంచిగ చేసిచ్చారండీ" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. ఆ మాటకు చెంప పగిలినట్టయింది.

బస్టాండు దాకా సంచి మోస్తానని కన్నయ్య వెంట వచ్చాడు. సీసా పెంకు కోసిన వేలికి గుడ్డ కట్టుకున్నాడు. బస్సు దగ్గర సంచి అందిస్తూ అన్నాడు.

"ఇన్ని దినాలు వాళ్లకు ఇనవడక రావట్లేదు అనుకున్నం మేడం. ఊర్ల అందరం గట్లనే అనుకున్నం."

నేను సంచి పట్టీ చేతికి చుట్టుకున్నాను.

"ఆ పలకకు మళ్ల రంగు పూయాల్నా?"

కోపంతో అడగలేదు. నేను తిట్టినప్పుడు ఎలా తల వంచుకున్నాడో అలాగే వంచుకుని, నా అనుమతి కోసం అడిగాడు.

"వద్దు కన్నయ్యా" అన్నాను.

ఎందుకని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. సరేనని తలూపి, దవాఖానా వైపు వెళ్లిపోయాడు.